పటాలపు వెట్టి

ఫ్రీమాంట్,
ఆగస్టు 21, 2004

అన్నయ్యా,

నీ చెల్లెలు ప్రసూన రాస్తోంది. ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. నువ్వక్కడ "ఆఁ? ఏంటీ?" అని అరుస్తావు, నేనిక్కడ అరుస్తాను, మధ్యలో నీ కూతురు ఫోన్ లాక్కుని "అత్తయ్యా, నాన్నకి నేను చెప్తాలే" అంటుంది. భవితకి చెప్పే సంగతి కాదిది. అందుకే ఉత్తరం.

మా వీధిలో నళిని అని ఒకావిడ ఉంది. మంచి మనిషి. వాళ్ళబ్బాయికి మొన్న గవర్నమెంటు నుంచి ఒక కార్డు వచ్చింది. పద్దెనిమిది నిండాయి కాబట్టి నీ పేరు, అడ్రసు రాసి పంపు, ఇది చట్టం అని. గ్రీన్ కార్డు ఉన్న మగపిల్లలందరికీ వస్తుందట. ఎందుకని గుళ్ళో ఎవరినో అడిగితే, "దాన్నే కాన్‌స్క్రిప్షన్ అంటారు, డ్రాఫ్ట్ అని కూడా అంటారు, మిలట్రీ వాళ్ళది" అన్నారట. పాపం నళిని అప్పట్నుంచీ అన్నం మానేసి టీవీ ముందు కూర్చుంటోంది. టీవీ పెడితే ఇరాకే కదా. రోజూ జెండా కప్పిన పెట్టెలు.

ముప్ఫై ఏళ్ళు నిఘంటువు ఆఫీసులో మాటలు ఏరినవాడివి. ఆ మాటకి అసలు అర్థం ఏంటో, ఎక్కడ పుట్టిందో వివరంగా రాయి. ఇంట్లో ఎవరికీ చెప్పకు. నళిని గుట్టుగా ఉంచమంది.

మీ బావగారు ఎప్పట్లాగే పొద్దున్నే రైలెక్కి శాంటా క్లారా పోతారు, చీకటి పడ్డాక వస్తారు. అవినాష్ వచ్చే నెల డేవిస్‌లో కాలేజీకి వెళ్తున్నాడు. వాతావరణం చదువుతాట్ట. చిన్నప్పటి తుఫాను పిచ్చి వదల్లేదు వాడికి. ఇప్పుడు కూడా పెరట్లో నిలబడి మబ్బులకేసి చూస్తున్నాడు.

త్వరగా రాయి.

ప్రసూన


బెంటన్‌విల్,
సెప్టెంబరు 2, 2004

చిరంజీవి ప్రసూనకి, అన్నయ్య బ్రహ్మయ్య దీవెనలు.

ఎన్నాళ్ళకి నన్నొకళ్ళు ఒక మాట అడిగారే! ఈ ఊళ్ళో నన్ను అడిగేవి రెండే. "అంకుల్, వాకింగ్ అయ్యిందా?" "అంకుల్, కాఫీ తాగారా?" నీ ఉత్తరం చదివి పెట్టె తెరిచి పాత నోటు పుస్తకాలన్నీ మంచం మీద పరిచేశాను. భవిత విసుక్కుంది. విసుక్కోనీ.

విను. కాన్‌స్క్రిప్షన్ లాటిన్ మాట. 'కాన్' అంటే కలిపి, 'స్క్రీబెరె' అంటే రాయడం. పేర్లన్నీ కలిపి ఒక జాబితాలో రాయడం, అంతే. డాక్టరు రాసే ప్రిస్క్రిప్షన్‌లో ఉన్నదీ ఆ రాతే. అయితే ఈ రాత ఊరికే రాసుకునేది కాదు. రోములో పేరు పిలిచినప్పుడు పలక్కపోతే ఆస్తి వేలం వేసేవారట, మనిషిని బానిసగా అమ్మిన సందర్భాలూ ఉన్నాయట. పదిహేడువందల తొంభై ఎనిమిదిలో ఫ్రాన్సు వాళ్ళు ఇరవై నుంచి ఇరవై అయిదేళ్ళ కుర్రాళ్ళందరి పేర్లూ రాయాలని చట్టం చేశారు. మాటకి ఇప్పటి అర్థం అక్కడ స్థిరపడింది. తప్పించుకోడానికి కుర్రాళ్ళు ముందరి పళ్ళు పీకించుకున్నారట, వేళ్ళు నరుక్కున్నారట!

డ్రాఫ్ట్ అంటే లాగడం. బండిని లాగే గుర్రానికీ అదే మాట. ఇక్కడ వియత్నాం యుద్ధమప్పుడు ఏం చేశారో తెలుసా? ఏడాదిలో ఉన్న తేదీలన్నీ చీటీల మీద రాసి, ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి, గాజు సీసాలో పోసి ఒక్కొక్కటీ తీశారు. ముందు ఏ తేదీ వస్తే ఆ రోజు పుట్టిన కుర్రాళ్ళు ముందు పోవాలి. టీవీలో చూపించారట. ఎంత ఘోరమే!

మన నిఘంటువులో దీనికి 'నిర్బంధ సైనిక సేవ' అని ఉంటుంది. చప్పగా లేదూ? నేను 'పటాలపు వెట్టి' అని రాశాను. వెట్టి అంటే ఏమిటి? సంస్కృతంలో విష్టి. రాజు పిలిస్తే కూలి లేకుండా చేసి తీరాల్సిన చాకిరీ. ఒళ్ళు జలదరించాలి ఆ మాట వింటే. మా ఆఫీసు పెద్దాయన లక్ష్మీకాంతం గారు ఎర్ర సిరాతో కొట్టేశారు. "బ్రహ్మయ్యా, అర్థం రాయవయ్యా అంటే భయం రాశావేం?" అన్నారు. ఆయనకి భాష తెలుసుగానీ రుచి తెలీదు.

ఇంకేమైనా మాటలుంటే పంపు. మీ నళిని గారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
బ్రహ్మయ్య


ఫ్రీమాంట్,
సెప్టెంబరు 11, 2004

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వేళ్ళు నరుక్కున్నారా! పుట్టినరోజు చీటీలు తీశారా! వీళ్ళు మనుషులేనా? పది నెలలు మోసి కన్న పిల్లల్ని సీసాలో పోసి తీస్తారా?

నళినికి చదివి వినిపించాను. ఆవిడ ఆ కార్డుని అక్కడికక్కడే చింపి వంటింటి చెత్తబుట్టలో పారేసింది. వాళ్ళబ్బాయికి చూపించలేదు, మొగుడికీ చెప్పలేదు. "పేరు రాస్తేనే కదా పిలుస్తారు, రాయకపోతే ఎలా పిలుస్తారు?" అంటోంది. మళ్ళీ వస్తే మళ్ళీ చింపుతుందట.

నువ్వేమంటావు? తప్పు చేసిందంటావా?

ప్రసూన


బెంటన్‌విల్,
సెప్టెంబరు 20, 2004

ప్రసూనా,

చింపేసిందా! భేష్! ఇంతా చేసి వాళ్ళకి కావలసింది కాగితం మీద పేరేగా, ఇవ్వనంది. తల్లంటే అలా ఉండాలి. తప్పేముంది? నేనే తల్లినైతే చింపి పొయ్యిలో కూడా పెట్టేవాణ్ణి. రోమువాడొచ్చి ఆవిడ ఇల్లు వేలం వేస్తాడేమో చూసుకోమను!

ఇక్కడ చలి అప్పుడే మొదలైంది. భవిత నాకు కోతి టోపీ కొనిపెట్టింది. పెట్టుకుంటే నీకు నవ్వాగదు. ఇంకో మాట ఏదైనా అడగవే, పొద్దు పోవట్లేదు.

బ్రహ్మయ్య


ఫ్రీమాంట్,
జూన్ 4, 2012

అన్నయ్యా,

ఇన్నేళ్ళుగా నీకు పండగ కార్డులు తప్ప ఉత్తరం రాయలేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను. కూర్చుని చదువు.

నళిని అనే ఆవిడ నిజంగానే ఉంది. కానీ ఆవిడకి ఇద్దరూ ఆడపిల్లలే.

ఆ కార్డు వచ్చింది మన అవినాష్‌కి. చింపింది నేను. మళ్ళీ నాలుగు నెలలకి ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత కవర్లో ఉత్తరం. ఆ తర్వాత ఇంకోటి. పోస్టు తెచ్చే బాధ్యత నాదే కాబట్టి నాలుగూ నా చేతికే వచ్చాయి, నాలుగూ చింపాను. మీ బావగారూ నేనూ సిటిజన్‌షిప్ తీసుకున్నప్పుడు వాణ్ణి కూడా అప్లై చేయమన్నారు ఆయన. నేనే "చదువు అవనివ్వండి, పరీక్షలు అవనివ్వండి" అంటూ ఏళ్ళ తరబడి సాగదీశాను. ఆ ఫారంలో ఈ సంగతి అడుగుతారని ఎవరో అనగా విన్నాను మరి.

ఇప్పుడు వాడికి గవర్నమెంటు వాతావరణ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది అన్నయ్యా! ఓక్లహోమాలో, సుడిగాలులు వచ్చే చోట. ఆ వార్త చెప్పిన రోజు వాడు ఇల్లంతా గెంతాడు. కానీ పౌరసత్వం ఉంటేనే చేర్చుకుంటారు. అక్కడి పెద్దాయన మంచివాడు, కాగితం వచ్చేదాకా ఖాళీ ఆపి ఉంచుతానన్నాడట. నిన్న ఫారం తెచ్చి టేబుల్ మీద పెట్టుకుని నింపుతున్నాడు. నేను కాఫీ ఇస్తూ చూశాను. అన్నీ నింపాడు, ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. 'సెలెక్టివ్ సర్వీస్ నంబరు', ఆ కార్డు నింపి పంపితే ఇచ్చేది. పాపం వాడికి అదేంటో కూడా తెలియదు కదా!

వాడు బయటికి వెళ్ళాక ఆ ఫారం వెనకున్న సూచనలు కూడబలుక్కుని చదివాను. ఇరవై ఆరు నిండేలోపల ఎప్పుడైనా రిజిస్టర్ చేసుకోవచ్చట. నిండితే ఇక తీసుకోరట. వాడు పుట్టింది అక్టోబరు పదిహేడు. ఇంకా నాలుగు నెలలు పైనే ఉంది. ఈ లోపల మెల్లిగా ఏదో ఒకటి చెప్పి చేయిస్తాను. కానీ అన్నయ్యా, పేరు రాయిస్తే పంపేస్తారా? అఫ్గానిస్తాన్‌లో ఇంకా నడుస్తూనే ఉంది కదా. ఉద్యోగం కోసం పిల్లాణ్ణి నా చేత్తో నేనే అప్పగించినట్టు అవుతుందా? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

ప్రసూన


బెంటన్‌విల్,
జూన్ 9, 2012

ప్రసూనా,

నీ ఉత్తరం చదివి నేనొక కేక పెట్టాను. భవిత పరిగెత్తుకొచ్చి "నాన్నా, గుండెల్లో నొప్పా?" అంది. ఉత్తరం దాని చేతికిచ్చాను. క్షమించు. ఇది గుట్టుగా ఉంచే సంగతి కాదు.

ఎంత పని చేశావే! నళిని అంటే నళినే అనుకున్నాను కదే! అదేదో నవ్వులాటకి రాసిన ముక్క పట్టుకుని నాలుగు కాగితాలు చింపుతావా? "నీ కొడుకు" అని ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ పళ్ళూ వేళ్ళూ కథలు చెప్పేవాణ్ణా? భవితని పిలిచి అడిగించేవాణ్ణి కాదూ? ఛీ, నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నీమీద కాదు నా కోపం. అవును, నీమీద కూడా.

భవిత కంప్యూటర్లో చూసి చెప్పింది. పేరు రాయిస్తే ఎవరినీ ఎక్కడికీ పంపరు. పంతొమ్మిదివందల డెబ్భై మూడు తర్వాత ఈ దేశంలో ఒక్క కుర్రాణ్ణి కూడా బలవంతంగా పట్టుకుపోలేదు. అది ఉత్త జాబితా. ఎప్పుడైనా అవసరం పడితే ఉంటుందని రాసుకుంటారు. మాట మూలం చెప్పినప్పుడు మొదట్లో నేనే రాశాను, కలిపి రాయడం అంతే అని. అక్కడ ఆగక, రుచి రుచి అంటూ నీకు భయం పెట్టాను. లక్ష్మీకాంతం గారు ఎందుకు కొట్టేశారో నాకు ఇప్పుడు తెలిసొచ్చింది.

ఇది కాదు అసలు సంగతి. ప్రసూనా, వాడు పుట్టింది అక్టోబరు పదిహేడే. కానీ పాస్‌పోర్టులో ఏముంది? గ్రీన్ కార్డు మీద ఏముంది? తీసి చూడు. జూన్ ఒకటి.

బాపట్లలో బళ్ళో వేయడానికి తీసుకెళ్ళింది నేనే. బావ అప్పటికి బొంబాయిలో ఉన్నాడు. జూన్‌కి అయిదేళ్ళు నిండితేగానీ చేర్చుకోమన్నారు. మనవాడికి నాలుగున్నర దాటిందంతే. హెడ్‌మిస్ట్రెస్ "అందరూ వేసేదే కదండీ, ఏదో ఒక తేదీ వేయండి" అంది. నా జేబులో పెన్ను తీసి జూన్ ఒకటి అని నేనే వేశాను. ఏడాది కలిసొచ్చిందని నువ్వూ సంతోషించావు. ఆ తేదీయే సర్టిఫికెట్‌కి, అక్కణ్ణుంచి పాస్‌పోర్టుకి ఎక్కింది. అమెరికా వాడికి నీ పురిటి నొప్పులు తెలియవు, ఆ తేదీయే తెలుసు.

నువ్వు ఉత్తరం రాసిన రోజుకి ఇరవై ఆరు నిండి మూడు రోజులు అయ్యిందే.

ఇక రిజిస్టర్ తలుపు మూసుకుపోయింది. భవిత ఇక్కడ లాయరుతో మాట్లాడింది. ఒక్క దారి ఉంది. ఆ పిల్లవాడికి ఈ సంగతే తెలియదు, కావాలని మానలేదు అని నిరూపించాలి. కార్డులు దాచింది తల్లి అని నువ్వు ప్రమాణం చేసి రాసివ్వాలి. లేకపోతే ముప్ఫై ఒకటి నిండేదాకా ఆగాల్సిందే. బావకి ఇవాళే చెప్పు. అవినాష్‌కి ఇవాళే చెప్పు. ఫోన్ చేయి, నేను వినపడకపోయినా వింటాను.

బ్రహ్మయ్య


ఫ్రీమాంట్,
జులై 15, 2012

అన్నయ్యా,

ఫోన్లో ఏడవడం తప్ప నేనేమీ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మీ బావగారు బూట్లు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి విన్నారు. విని, "ఎనిమిదేళ్ళు ఒకే మంచం మీద పడుకుని ఈ మాట నాకు చెప్పలేదా జ్ఞానప్రసూనా?" అన్నారు. పెళ్ళయ్యాక నన్ను పూర్తి పేరుతో పిలవడం అదే మొదలు. అప్పట్నుంచీ పొడి మాటలే. తిట్టినా బావుండేది.

తర్వాత అవినాష్‌కి చెప్పాను. నేను చెప్తున్నంతసేపూ నేల చూశాడు. "నాలుగా?" అన్నాడు. అంతే. ఎంత నిర్ఘాంతపోయాడో పాపం. "ఓకే అమ్మా" అని లేచి పెరట్లోకి పోయాడు. నా ముఖం చూడటానికి కూడా వాడికి మనసొప్పలేదు.

లాయరు నేను చెప్పింది టైపు చేసిచ్చాడు. 'కార్డులు నేనే చింపాను. నా కొడుక్కి వాటి గురించి ఏమీ తెలియదు' అని. మీ బావగారు "దీనిమీద సంతకం పెడితే రేపు నీ మీదకి వస్తుందేమో" అన్నారు. రానీ. నా తప్పుకి నేను కాక ఎవరు సంతకం పెడతారు? పెట్టేశాను. వాడు కూడా తనకి తెలియదని ఒక కాగితం రాసివ్వాలట. పది రోజులుగా అడుగుతున్నాను. "చూస్తాలే అమ్మా" అంటున్నాడు. అది కోపమే కదా? నువ్వొకసారి వాడికి చెప్పు.

ప్రసూన


బెంటన్‌విల్,
జులై 22, 2012

ప్రసూనా,

కోపం ఉండదా మరి? నాకు పదేళ్ళు తక్కువుంటే నేనే వచ్చి నిన్నూ నన్నూ కలిపి రెండు వాయించేవాణ్ణి.

నేనూ ఒక కాగితం రాసి, భవిత చేత ఇంగ్లీషులో టైపు చేయించి పంపుతున్నాను. బళ్ళో తేదీ నేను వేసిన సంగతి, చింపితే తప్పులేదని నేను రాసిన సంగతి, రెండూ ఉన్నాయి. లాయరుకి పనికొస్తుందో లేదో తెలియదు. నాకు మాత్రం రాయకపోతే ముద్ద దిగడం లేదు.

వాడికి భవిత ఫోన్‌లో మెసేజ్ పెట్టాను, సంతకం పెట్టు నాయనా అని. "మావయ్యా, మీ హెల్త్ ఎలా ఉంది?" అని జవాబిచ్చాడు. అడిగినదానికి మాత్రం జవాబు లేదు. వదలకు. వాడికి తెలియదన్నది ఒక్కటే ఇప్పుడు మనకున్న దన్ను.

బ్రహ్మయ్య


ఫ్రీమాంట్,
నవంబరు 14, 2012

అన్నయ్యా,

నిన్న ఇంటర్వ్యూ అయిపోయింది. ఏం జరిగిందో రాయడానికి చేతులు రావట్లేదు గానీ రాస్తాను.

శాన్‌హోసేకి వాడే డ్రైవ్ చేశాడు. తన కాగితం మాత్రం చివరిదాకా ఇవ్వలేదు. నా కాగితం, నీ కాగితం ఫైల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. నేను హాల్లో కూర్చున్నాను. నలభై నిమిషాలకి బయటికి వచ్చాడు. ముఖం చూసి, అయిపోయింది, ఇచ్చేశారు అనుకున్నాను అన్నయ్యా, అంత తేలిగ్గా ఉన్నాడు! "ఏమన్నారురా?" అంటే "పద అమ్మా, కార్‌లో చెప్తాను" అన్నాడు.

కార్ స్టార్ట్ చేయకుండా కూర్చుని చెప్పాడు.

"ఆఫీసర్ నీ స్టేట్‌మెంట్ చదివింది. చాలా సాఫ్ట్‌గా అడిగింది. మీ అమ్మ దాచింది, నీకు తెలియదు, అంతేగా అని. చెయ్యెత్తి ప్రమాణం చేసి కూర్చున్నాను అమ్మా. నాకు తెలుసు అని చెప్పాను."

"ఏం తెలుసురా నీకు?" అన్నాను. నాకు నిజంగా అర్థం కాలేదు.

"ఫస్ట్ కార్డ్ నేను చూశాను. చెత్త బయట పెట్టేది నేనే కదా. ముక్కలు పైనే ఉన్నాయి. గరాజ్‌లో కలిపి చదివాను. నా పేరు, చట్టం అని, అంతా ఉంది."

"మరి ఎందుకు పంపలేదురా? రెండు నిమిషాల పని కదరా!" అని కార్‌లో అరిచాను. పక్క కార్‌లోవాళ్ళు చూశారు.

"లోపలికి వచ్చేసరికి నువ్వు సింక్ దగ్గర నిలబడి ఏడుస్తున్నావు. నీళ్ళు వదిలేసి, వినపడకుండా. నన్ను చూసి ఉల్లిపాయ అన్నావు. అక్కడ ఉల్లిపాయ లేదు అమ్మా. పంపితే నీకు తెలిసిపోతుంది, మళ్ళీ ఏడుస్తావు అనుకున్నా. తర్వాత చేద్దాం అనుకున్నా. ఏడాది దాటాక, ఇన్నాళ్ళు ఎందుకు చేయలేదని అడుగుతారని భయమేసింది. ఇరవై ఆరుకి క్లోజ్ అవుతుందని నాకూ తెలియదు. ఫారం చదివాకే తెలిసింది. అప్పటికి జూన్ మూడు."

"ఇంట్లో ఎందుకు చెప్పలేదురా? ఆ కాగితం మీద నేను ప్రమాణం చేసి సంతకం పెడుతుంటే చూస్తూ ఊరుకున్నావేంరా?"

"చెప్తే నువ్వు సంతకం పెట్టకుండా ఆగేదానివా?" అన్నాడు. "నా కోసం తెలిసి కూడా అబద్ధం రాసేదానివి. ఇప్పుడు నువ్వు రాసింది నీకు నిజం. అబద్ధం చెప్పాల్సి వస్తే నేనే చెప్పాలి. చెప్దామనే వెళ్ళాను అమ్మా. ఆవిడ అంత మంచిగా అడిగితే చెప్పలేకపోయాను."

పౌరసత్వం రాదు అన్నయ్యా. ఇంకా అయిదేళ్ళు ఆగి మళ్ళీ పెట్టుకోమన్నారు. ఓక్లహోమా పెద్దాయనకి వాడే ఫోన్ చేసి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. "ఐ అండర్‌స్టాండ్ సర్, థాంక్యూ సర్" అని రెండుసార్లు అన్నాడు. ఆ ఖాళీ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. తర్వాత చెప్పులేసుకుని నడవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి ఆకలేస్తోంది అన్నాడు. పప్పూ అన్నం కలుపుకుని తిన్నాడు. మీ బావగారు వాడి పక్కన కూర్చుని వీపు నిమిరారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నన్నెవరైనా ఏమైనా అనండి అన్నయ్యా!

నా కాగితంలో ఏముందో తెలుసుగా. 'నా కొడుక్కి ఏమీ తెలియదు' అని ప్రమాణం చేసి రాసిచ్చాను. లాయరు రెండుసార్లు అడిగాడు, అంత గట్టిగా ఎలా చెప్పగలరండీ అని. నేను నవ్వాను కూడా. నా కొడుకు కదండీ, వాడి మనసులో ఏముందో నాకు తెలియదా అన్నాను. ఎనిమిదేళ్ళు వాడు నా ఎదురుగా కూర్చుని తిన్నాడు అన్నయ్యా, ఇంటికొచ్చిన ప్రతిసారీ. నాకేమీ తెలియదు.

ఇవాళ పొద్దున వాడి గది తలుపు దగ్గర నిలబడి, ఇంకేమైనా ఉన్నాయా నాన్నా, నేనేడుస్తానని నాకు చెప్పనివి, అని అడిగాను. వాడు వెంటనే లేదనలేదు.

ప్రసూన